నిమ్మకాయల మీద నిలబడ్డ సొరుగు

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మాట రాకూడదు. నేను పెంచి చెబుతాను. గోరంతను కొండంత చేయడం చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు. ఈ మధ్య కొండ ఒక్కటే చాలడం లేదు, కొండ మీద గుడి, గుడి ముందు చెప్పులు దాచే స్టాండు కూడా పెడుతున్నాను. మా ఆవిడ నేను చెప్పేదాంట్లో సగం తీసేసి, మిగిలినదాంట్లో మళ్ళీ సగం తీసేసి, ఆ ముక్క కూడా ఇంకొకర్ని అడిగి గానీ నమ్మదు. మీరూ అలాగే చదవండి. భయం దగ్గర మాత్రం కోత పెట్టకండి. అది ఉన్నదున్నట్టే చెబుతున్నాను. పెంచుదామంటే అందులో చోటు లేదు.

నన్ను అంత భయపెట్టింది ఒక సొరుగు. నా చేతులతో నేనే చేసింది.

మేము ఉండేది దేశ రాజధానిలో, వసంత్ కుంజ్‌లో. నా ఉద్యోగం గుడ్‌గావ్‌లో, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అంటే, వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టి వాళ్ళ పండగలు పాడుచేసే పని. యాభై దగ్గర పడుతుండగా నాకొక పిచ్చి పట్టింది. కారు వెనక తగిలించుకుని కొండల్లోకి పోయే చిన్న ఇల్లు ఒకటి కావాలి, దాన్ని నేనే కట్టాలి. క్యాంపర్ ట్రైలర్ అంటారు దాన్ని. లోపల పడుకోవడానికి పరుపు, వెనక వైపు వంటిల్లు. ఆ వంటిల్లు మొత్తం ఒక పెద్ద సొరుగు. ఏ లోయ పక్కనో బండి ఆపి సొరుగు లాగితే స్టవ్వు, గ్యాసు, గిన్నెలు, బియ్యం, నీళ్ళ క్యాను అన్నీ బయటికి వస్తాయి. నెడితే అన్నీ లోపలికి పోతాయి. నేను చూసిన వీడియోలో ఒకాయన దాన్ని చిటికెనవేలితో లాగాడు. ఆ చిటికెనవేలే నా కొంప ముంచింది.

వేళ్ళ సంగతి వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పాలి. మా ఆవిడ పళ్ళ డాక్టరు. సాకేత్‌లో క్లినిక్. ఆవిడ వేళ్ళు ఎంత నాజూకుగా పని చేస్తాయంటే, పన్ను పీకించుకున్నవాళ్ళు ఇంటికెళ్ళి అద్దంలో చూసుకుని, అరె, పీకేసిందే అనుకుంటారు. కొండల్లో వంట చేసేది మేమిద్దరమూ. నేను ఉల్లిపాయలు తరుగుతాను, మిగతాదంతా ఆవిడ. అంటే ఆ సొరుగును రోజుకు పదిసార్లు లాగే చెయ్యి ఆవిడది. స్టవ్వూ గ్యాసూ పెట్టాక దాని బరువు నా లెక్కలో ఏనుగుపిల్ల. మీ లెక్కలో ఒక మనిషి, కాస్త భోజనప్రియుడైన మనిషి. ఆ మనిషి జారుతూ వచ్చే దారిలో ఆవిడ వేళ్ళు ఉంటే? కలలో కూడా నాకు అదే కనబడేది. సొరుగు మూతపడేది, నేను లేచి కూర్చునేవాణ్ణి.

"ఇరవై ఏళ్ళుగా కరిచే నోళ్ళలో వేళ్ళు పెడుతున్నానండీ," అంది ఆవిడ. "మీ చెక్కపెట్టె నన్నేం చేస్తుంది?"

"నోళ్ళకైతే మత్తు ఇస్తావు. దీనికి ఇవ్వలేవుగా."

"దానికెందుకు? మీకిస్తాను. ఇంట్లో కాస్త ప్రశాంతంగా ఉంటుంది."

ఇనప చట్రమూ చక్రాలూ మాయాపురిలో వెల్డింగ్ చేయించుకొచ్చాను. మిగతాది మా ఫ్లాటు ముందున్న ఖాళీలో, నేనే. వసంత్ కుంజ్ అంటే బండరాళ్ళ మీద కట్టిన ఊరు. మా వీధి కూడా చదునుగా ఉండదు, పెన్సిలు పెడితే పక్క బ్లాకు దాకా దొర్లుతుంది. అందుకని బండి చక్రాలకు వెనక రెండు ఇటుకలు ఆనించి పని చేసుకునేవాణ్ణి.

మొదటి సొరుగుకు ఇంట్లో వంటగది అల్మారాలకు వాడే మామూలు చానల్ వేశాను. సొరుగుకు రెండు పక్కలా పట్టాల్లా ఉండి, సొరుగును జరిపే ఇనప బద్దను ఇక్కడి కొట్లలో చానల్ అంటారు. బరువు కోసం సొరుగు నిండా ఇటుకలు పేర్చి, బండిని కారుకు తగిలించి, బ్లాకు చుట్టూ ఒక్క ప్రదక్షిణ చేద్దామని బయల్దేరాను. ఎత్తు ఎక్కుతుండగా వెనక ఏదో టపటపమంది. పట్టించుకోలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

"భాయీ సాబ్," అన్నాడు చాలా మర్యాదగా, "ఆప్‌కా మకాన్ గిర్ రహా హై."

నిజమే, నా ఇల్లు రాలిపోతోంది. దిగి చూస్తే సొరుగు నోరు తెరుచుకుని ఉంది, చానల్ జంతికలా మెలితిరిగి ఉంది. దారి పొడవునా ఇటుకలు, ఎవరో పునాది తీయబోతున్నట్టు. వాటిని ఒక్కొక్కటే ఏరుకుంటూ వెనక్కి నడుస్తుంటే నా మనసులో ఒకటే ప్రశ్న. సొరుగు తెరుచుకున్న క్షణంలో దాని వెనక ఎవరైనా ఉండి ఉంటే? ఆ ఎవరైనాకు నా మనసులో పళ్ళ డాక్టరు కోటు ఉంది.

మర్నాడే ఫర్నిచర్ సామాను దొరికే కీర్తి నగర్ వెళ్ళాను. లారీలకు, పెద్ద పెద్ద యంత్రాలకు వాడే చానల్ కావాలన్నాను. కొట్టాయన లోపల్నుంచి ఒకటి తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. కౌంటరు మూలిగింది. ఆ బద్ద నా ముంజేయి అంత వెడల్పు. మూసినప్పుడు ఒక తాళం, పూర్తిగా లాగినప్పుడు ఇంకో తాళం, వాటంతటవే పడతాయి. మధ్యలో మాత్రం స్వేచ్ఛగా జారుతుంది.

"సర్ జీ, హాథీ బిఠా దో ఇస్ పే."

దీని మీద ఏనుగును కూర్చోబెట్టే పని నాకు లేదు భయ్యా, వేళ్ళ సంగతి చెప్పు, అన్నాను. వేళ్ళ గురించి ఆయన దగ్గర హామీ లేదట. ఏనుగుకైతే ఉంది.

బిగించడంలో మా అమ్మాయి తోడు. అది పొద్దున లక్ష్మీ నగర్‌లో సీఏ కోచింగుకు మెట్రో ఎక్కి వెళ్ళి, మధ్యాహ్నానికి వచ్చి నా పక్కన టేపు పట్టుకుని కూర్చునేది. తెలుగులో అడిగితే హిందీలో చెబుతుంది, హిందీలో అడిగితే ఇంగ్లీషులో విసుక్కుంటుంది. ఈ చానళ్ళతో ఉన్న చిక్కేమిటంటే కుడీ ఎడమా సమానంగా ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా సొరుగు సగంలో మొరాయిస్తుంది.

"పాపా, లెఫ్ట్ వాలా నీచే హై."

"ఎంత కిందికి ఉంది?"

"థోడా సా."

"థోడా సా అంటే? లెక్క చెప్పమ్మా."

"ఆప్ రోజ్ జిత్నా బఢా కే బోల్తే హో నా, ఉస్ సే కమ్."

నేను రోజూ పెంచి చెప్పేదానికంటే తక్కువేనట. అయితే చాలా ఉండొచ్చన్నమాట, అనుకుని మరలు విప్పి మళ్ళీ బిగించాను. అలా విప్పీ బిగించీ, ఆ చెక్కకు పడ్డ బెజ్జాలతో జల్లెడ చేసుకోవచ్చు. చివరికి ఒక రోజు సొరుగు వెన్న మీద కత్తిలా జారింది. మూస్తే క్లిక్. తెరిస్తే క్లిక్. ఆ రెండు క్లిక్కులూ వింటే నాకు మంగళవాయిద్యాలు విన్నట్టుండేది.

ఇక బరువు పరీక్ష. ఏనుగు దొరకలేదు గనక నేనే ఎక్కి పడుకున్నాను. బండి కారుకు తగిలించే ఉంది. అమ్మాయి నన్ను లోపలికి నెట్టింది, క్లిక్. లాగింది, క్లిక్. నెట్టింది, క్లిక్. అప్పుడే దాని ఫోను మోగింది. "ఏక్ మినిట్ పాపా," అంటూ సిగ్నలు కోసం రోడ్డు మీదికి పోయింది. నేను లోపల. చీకటి. ప్లైవుడ్ వాసన. ముక్కుకు జానెడు పైన చెక్క. తాళం మీట బయట ఉంది. మార్చురీలో సొరుగులు ఇలాగే ఉంటాయి కదా అని ఒక ఆలోచన వచ్చింది, వచ్చింది వచ్చినట్టు పోకుండా నా పక్కనే పడుకుంది. గొంతు చించుకుని అరిచాను. అమ్మాయి తిరిగొచ్చి తీసేసరికి నా పెళ్ళి, నా పదో తరగతి, నా పుట్టువెంట్రుకలు అన్నీ కళ్ళ ముందు తిరిగిపోయాయి.

"బస్ ఏక్ హీ మినిట్ హువా హై, పాపా."

ఒక్క నిమిషమేనట. సరే. కానీ సొరుగు పాసైంది. సొరుగు మూసి పరీక్షించాను, తెరిచి పరీక్షించాను, ఎక్కి పరీక్షించాను, వీధిలో తిప్పి పరీక్షించాను. టెస్టింగులో ఇన్నేళ్ళ అనుభవం. అన్ని పరీక్షలూ బండి కారుకు తగిలించి ఉండగానే చేశానని నాకు అప్పుడు తోచలేదు.

దసరా ముందురోజు ఆయుధ పూజ వచ్చింది. పైఫ్లాటులో కర్నూలు వైపు పెద్దాయన ఒకాయన ఉన్నారు, కేంద్ర ప్రభుత్వంలో చేసి రిటైరయ్యారు. మా బ్లాకులో తెలుగువాళ్ళ స్కూటర్ల దగ్గర్నుంచి మిక్సీల దాకా ఆ రోజు పూజ చేసేది ఆయనే. పొద్దున్నే పట్టుపంచెలో దిగి, నా బండి చుట్టూ ఒకసారి తిరిగారు.

"ఏమప్పా, దీన్ని కారుకు కట్టేసినావు?"

"ఒకేసారి రెండింటికీ అయిపోతుందని, అంకుల్."

"అట్లెట్లయితాది? ఒక టెంకాయతో ఇద్దరు దేవుళ్ళకు మొక్కుతారా? కారు పూజ కారుదే, బండి పూజ బండిదే. విప్పు."

విప్పాను. బండి ముక్కు కింద, అంటే కారుకు తగిలించే ఇనప కమ్మీ కింద, చిన్న చక్రం ఒకటి ఉంటుంది, దాని మీద ఆనించాను. కారును పక్కకు తీశాను. పెద్దాయన నిమ్మకాయలు తీశారు. కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, వాటిని తొక్కించి దిష్టి తీయడం మనకు తెలిసిందే కదా. నా బండికి రెండు చక్రాలు, ఒక చిన్న చక్రం. చిన్నది చక్రమా కాదా అన్న దాని మీద కాసేపు చర్చ జరిగింది. తిరుగుతుంది కాబట్టి చక్రమేనని ఆయన తీర్పు ఇచ్చారు. మూడు నిమ్మకాయలు.

"ఈ ఇటికెలేందప్పా ఇక్కడ?"

"బండి జారకుండా, అంకుల్."

"నిమ్మకాయ చక్రానికి తగలాలా వద్దా? ఇటికెలకు తీస్తామా దిష్టి? తీయప్పా వాటిని."

తీశాను. నా చేతులతోనే తీశాను. రెండు చక్రాల వెనకా రెండు ఇటుకలు తీసి, వాటి చోట రెండు నిమ్మకాయలు పెట్టి, దణ్ణం కూడా పెట్టుకున్నాను. ఇటుక చేసే పని నిమ్మకాయ చేస్తుందా అని ఒక్క క్షణం ఆగి అడుగుదామంటే, అప్పటికే నిమ్మకాయ మీద బొట్టు పెట్టేశారు. బొట్టు పెట్టినదాన్ని అనుమానించడం మన ఇంటా వంటా లేదు.

ఈలోగా మా ఆవిడ వంటగది సామానంతా మోసుకొచ్చి సొరుగులో సర్దింది. ఖాళీ సొరుగుకు పూజ చేయకూడదట, నిండుగా ఉండాలట. స్టవ్వు, సిలిండరు, కుక్కరు, బియ్యం బస్తా, నీళ్ళ క్యాను. తర్వాత పసుపు కుంకుమ ఒక గిన్నెలో తడిపి పట్టుకుని వెనక్కి వెళ్ళింది. ఆయుధాలన్నిటికీ బొట్టు పెట్టాలి కదా. డ్రిల్లుకు పెట్టింది, సుత్తికి పెట్టింది, టేపుకు పెట్టింది. చానళ్ళకు పెట్టాలంటే సొరుగు లాగాలి.

"ఇన్ని రోజులు వాటి గురించే కలవరించారు, వాటికి పెట్టకపోతే ఎలా?" అని వెనక నుంచి అంది.

నేను ముందు వైపు ఉన్నాను, హారతి పళ్ళెం పట్టుకుని. బండి ముక్కు నా కాళ్ళ దగ్గర. చిన్న చక్రం కింద నిమ్మకాయ. సొరుగు జారుతున్న చప్పుడు విన్నాను, వెన్న మీద కత్తి. బాగా చేశానని మురిసిపోతూ కిందికి చూశాను.

నిమ్మకాయ గుండ్రంగా కనబడుతోంది.

అంతకుముందు దాని మీద చక్రం ఉంది, సగమే కనబడేది. ఇప్పుడు మొత్తం కనబడుతోంది. దానికీ చక్రానికీ మధ్య వెలుతురు ఉంది. ఆ వెలుతురు పెరుగుతోంది.

ఎడ్లబండి ఎక్కినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. కాడి ఎద్దుల మెడ మీద ఉన్నంతసేపే బండి నిలకడ. ఎద్దుల్ని విప్పేసి వెనక మూటలు వేస్తే ముక్కు ఆకాశంలోకి లేస్తుంది. ఇన్ని రోజులూ నా కారే ఎద్దులా ఆ ముక్కును పట్టి ఉంచింది. ఇప్పుడు ఎద్దు పక్కన నిలబడి పూజ చేయించుకుంటోంది. వెనక, ఇరుసుకు ఎంతో దూరంగా, నిండిన సొరుగు బయటికి వచ్చింది. దాని చానల్ మీద మా ఆవిడ కుడిచెయ్యి ఉంది.

తర్వాత వెనక నుంచి రెండు నిమ్మకాయలు ఒకేసారి చితికిన చప్పుడు. అంత చిన్న చప్పుడు నేను జన్మలో వినలేదు. బండి ఆవిడ వైపు దొర్లడం మొదలుపెట్టింది.

హారతి పళ్ళెం ఎటు పోయిందో తెలియదు. నేను ముక్కు మీదికి ఎగిరాను. పొట్ట ఆనించి, రెండు చేతులతో ఆ ఇనప కమ్మీని కావలించుకుని వేలాడాను. ఇన్నేళ్ళుగా డాక్టర్లందరూ తగ్గించమన్న పొట్ట అది, మొదటిసారి దాని విలువ తెలిసింది. అయినా నా కాళ్ళు నేలకు తగలడం లేదు, మూడో అంతస్తు బాల్కనీలో ఆరేసిన చీరలు నా చెవులకు తగులుతున్నట్టనిపించింది. పెద్దాయన "గోవిందా" అంటూ నా నడుము పట్టుకుని లాగారు. కారు పక్కన నిలబడ్డ అమ్మాయి అరవలేదు. చక్రం వెనక్కి దూకి, నేను తీసిన ఇటుకను కాలితో తోసింది. ఇంకోదాన్ని ఇటు తోసింది. బండి టక్కున ఆగింది. ముక్కు నాతో సహా దిగి, నేలకు కొట్టుకుంది.

నాకు వెనక ఏముందో కనబడదు. మధ్యలో నేను కట్టిన పెట్టె, మనిషెత్తు. దిగి చూద్దామంటే, దిగితే మళ్ళీ లేస్తుందేమో. అలా కమ్మీ మీద పడుకునే అరుస్తున్నాను.

"వేళ్ళు! నీ వేళ్ళు! చెయ్యి తీశావా? ఒసేయ్, మాట్లాడు!"

జవాబు లేదు.

"అమ్మా, మీ అమ్మ వేళ్ళు చూడవే!"

అమ్మాయి వెనక్కి పరిగెత్తింది. దాని గొంతు కూడా వినబడలేదు. ఆ నిశ్శబ్దం ఎంతసేపుందో నేను చెప్పను, చెబితే మీరు సగం తీసేస్తారు. పెద్దాయన నా నడుము వదల్లేదు.

అప్పుడు పెట్టె పక్క నుంచి మా ఆవిడ వచ్చింది. రెండు చేతులూ పైకెత్తి పట్టుకుంది. మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. నా గుండె ఆగింది. ఆగి, అది కుంకుమ నీళ్ళని తెలిసి, మళ్ళీ మొదలైంది.

"ఇదుగోండి, పదీ ఉన్నాయి," అంది. "నమ్మకం లేకపోతే ఎక్స్‌రే తీయించండి."

పెద్దాయన నవ్వేశారు. అమ్మాయి నవ్వింది. నేను కమ్మీ మీదే ఉండి నవ్వాను.

కథ ఇక్కడితో ఆపితే బాగానే ఉంటుంది. ఈ రెండేళ్ళలో సాకేత్ నుంచి గుడ్‌గావ్ దాకా ఎక్కడ చెప్పినా ఇక్కడే ఆపాను, అందరూ నవ్వారు. కానీ ఏది కల్పించానో చెబుతానని మీతో అనకపోయినా, మొదట్లోనే పెంచుతానని చెప్పినవాణ్ణి చివర్లో లెక్క అప్పజెప్పాలి కదా.

నిమ్మకాయలు నిజం. ఇటుకలు తీసింది నిజం, నేనే తీసింది నిజం. మార్చురీ ఆలోచన నిజం. చీరలు చెవులకు తగల్లేదు. నా కాళ్ళు నేలకు జానెడు ఎత్తులో ఉన్నాయంతే. కానీ దాన్ని కల్పన అనను, అది నా మామూలు పెంపకం.

కల్పించింది ఒక్కటే. ఆ ఎక్స్‌రే మాట. ఆవిడ అది అనలేదు.

ఆవిడ ఏమీ అనలేదు. పెట్టె పక్క నుంచి వచ్చి, మెట్టు మీద కూర్చుని, ఎర్రటి చేతుల్ని ఒళ్ళో పెట్టుకుంది. ఎవరూ నవ్వలేదు. నాకు బదులు అమ్మాయి ముక్కు మీద కూర్చుంటే, నేను దిగి వెళ్ళి, నీళ్ళ క్యాను వంచి ఆ వేళ్ళు ఒక్కొక్కటీ కడిగాను. కడుగుతూ లెక్కపెట్టింది నేనే. ఆ చేతులు వణుకుతున్నాయి. మా పెళ్ళయ్యాక వాటిని వణుకుతుండగా చూడడం అదే మొదలు. దసరా అయిపోయినా క్లినిక్ వెంటనే తెరవలేదు. అడిగినవాళ్ళకు పండగ అంది.

ఆ సాయంత్రం టీ తాగుతూ ఒక్క మాట అంది. "మీరు అరుస్తుంటే వినబడిందండీ. చెయ్యి తీసేశాను, తీశానని తెలుస్తోంది. నోరే రాలేదు."

నేను బండి అమ్మేస్తానన్నాను. నిజంగానే అన్నాను, నిమ్మకాయలతో సహా అమ్మేస్తానన్నాను. ఆవిడ టీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళింది. పండగ మర్నాడు మాయాపురి వెళ్ళి బండి వెనక మూలలకు రెండు మడత కాళ్ళు వెల్డింగ్ చేయించుకొచ్చాను. మర తిప్పితే దిగి నేలకు ఆనుతాయి. వాటిని దించాక కారు విప్పి, సొరుగు పూర్తిగా లాగి, నేనూ అమ్మాయీ ఎక్కి కూర్చున్నాం. ముక్కు కదల్లేదు. ఈసారి ఆ పరీక్షలన్నీ ఆవిడకు కనబడేలా, కిటికీ ఎదురుగా చేశాను.

ఒక ఆదివారం పొద్దున ఆవిడ తనంతట తనే కిందికి వచ్చింది. బండి వెనక నిలబడింది. సొరుగు పిడి మీద చెయ్యి పెట్టి, లాగకుండా, నా వైపు చూసింది.

"కాళ్ళు దించారా?"

"దించాను."

"చూపించండి."

చూపించాను. వంగి, రెండు వైపులా తనే తట్టి చూసుకుంది. అప్పుడు లాగింది. క్లిక్.

ఇప్పటికీ అంతే. ఏ కొండ దారి పక్కన ఆగినా, ఎంత ఆకలిగా ఉన్నా, ఆ ప్రశ్న అడగనిదే ఆవిడ సొరుగు ముట్టుకోదు. నేను జవాబు చెప్పాక కూడా వంగి చూసుకుంటుంది, నా మాట మీద ఆవిడకు ఎప్పుడూ ఉన్నంత నమ్మకమే ఉంది కాబట్టి.